షేఖుర్రయీస్ ఆఖరి మందులు

హైదరాబాదు చార్మినారు చెంత ఉన్న నిజామియా తిబ్బీ కాలేజీలో చదివిన హకీములైనా, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాలలో చదివిన హకీములైనా ఎంతో గౌరవంతో ఉచ్చరించే పేరు ఒకటుంది. ఆయనే షేఖుర్రయీస్ బూ అలీ ఇబ్నె సీనా. యూరపు వారు ఆయన పేరు సరిగ్గా పలకలేక అవిసెన్నా అన్నారు. ఆయన రచించిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' అనే వైద్య గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్ భాషలోకి వెళ్ళి, 17వ శతాబ్దం దాకా యూరపు విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఆయనను గురించి రాసేవారు సాధారణంగా ఈ కీర్తిని వర్ణించి ఊరుకుంటారు. ఈ శుక్రవారం మేము మాత్రం ఆ మహావైద్యుని జీవితాన్ని మరో వైపు నుంచి చూడదలిచాము. ఆయన స్వయంగా దీర్ఘరోగి. బతుకులోని చివరి మూడు సంవత్సరాలు మందుల మధ్యే గడిపారు. ఆ మందులలో కొన్ని ఆయనను నిలబెట్టాయి, కొన్ని పడగొట్టాయి. పడగొట్టినవి ఆయన రాసిచ్చినట్లుగా ఇవ్వని మందులే.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన ఇళ్ళలో మందుల డబ్బా లేని ఇల్లు అరుదైపోయింది. దాదీమాకు షుగరు మాత్రలు, బీపీ మాత్ర, గుండెకు ఒకటి, రక్తం పలచబడటానికి ఒకటి, మోకాళ్ళ నొప్పికి మరొకటి. కొన్ని తిండికి ముందు, కొన్ని తిన్న తర్వాత, ఒకటి పరగడుపున. ఆ డబ్బా ఒకరోజు కోడలు విప్పుతుంది, ఒకరోజు మనవడు విప్పుతాడు. దాదీమాకు చూపు ఆనదు. రాసిచ్చిన డాక్టర్లు ముగ్గురు, ఒకరు రాసింది మరొకరు చూడరు. దీర్ఘకాలిక వ్యాధులున్న వారిలో, సంపన్న దేశాలలో సైతం, చెప్పిన ప్రకారం మందులు వాడేవారు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించింది. మిగిలిన సగం మందీ మొండివారని మేము అనుకోవడం లేదు. మందుల లెక్కే వారికి చిక్కుముడి.

ఇక షేఖ్ కథలోకి వద్దాము. ఆయన హిజ్రీ 370లో, అంటే క్రీ.శ. 980లో, బుఖారా దగ్గరి అఫ్షనా గ్రామంలో జన్మించారు. తండ్రి అబ్దుల్లాహ్ బల్ఖ్ నుంచి వచ్చిన ఉద్యోగి, తల్లి సితారా. పదేళ్ళు నిండేసరికే దివ్య ఖురాన్ కంఠస్థమైంది. హిందూ దేశపు అంకెల లెక్కలు నేర్చుకోవడానికి తండ్రి ఆయనను ఒక కూరగాయల వర్తకుని దగ్గరకు పంపాడు. తర్కంలో ఏదైనా చిక్కు విడకపోతే మసీదుకు వెళ్ళి నమాజు చేసి, ఆ సృష్టికర్తనే వేడుకునేవాడినని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. పదహారేళ్ళకే వైద్యం పట్టుబడింది. ఆయనకు అదొక కష్టమైన శాస్త్రంగా తోచనేలేదు! యువకుడిగా ఉండగానే సామానీ అమీరు నూహ్ బిన్ మన్సూర్‌కు జబ్బు చేస్తే, ఆస్థాన వైద్యులతో పాటు ఈ కుర్రవాడిని కూడా పిలిపించారు. రోగం నయమైంది. ప్రతిఫలంగా ఆయన కోరుకున్నది రాజుగారి గ్రంథాలయంలో చదువుకునే అనుమతి.

తండ్రి చనిపోయాక, రాజ్యాలు కూలుతూ ఉన్న ఆ రోజుల్లో ఆయన బుఖారా విడిచి ఊరూరా తిరిగారు. జుర్జాన్‌లో అబూ ఉబైద్ జూజ్జానీ అనే శిష్యుడు దొరికాడు. గురువు చెబుతూ ఉండగా రాసుకున్నవాడు, చివరిదాకా వెంట ఉన్నవాడు, తర్వాత జీవిత చరిత్ర రాసి మనకిచ్చినవాడు ఇతడే. మేము చెప్పే సంగతులలో అధిక భాగం అతని కలం నుంచి వచ్చినవే. శిష్యుడు కదా అని గురువు లోపాలను అతడు దాచలేదు. షేఖ్ గారి నడవడిలో మన ధర్మం ఒప్పని అలవాట్లు కొన్ని ఉండేవి. వాటిని ఆయనా దాచుకోలేదు, శిష్యుడూ కప్పిపుచ్చలేదు. మేమూ ఆ పని చేయబోము.

'ఖానూన్' జుర్జాన్‌లో మొదలై కొన్నేళ్ళపాటు సాగింది. అది మొత్తం ఐదు భాగాలు. రెండవ భాగమంతా ముఫ్రదాత్, అంటే ఒకే దినుసుతో కూడిన మందులు. అవి దాదాపు 800. ఐదవ భాగం మురక్కబాత్, అంటే అనేక దినుసులు కలిపి చేసే లేహ్యాలు, గుళికలు, చూర్ణాలు, షర్బతులు. హకీములు ఖరాబాదీన్ అనేది దీన్నే. అన్ని కలగలుపు మందులను వర్ణించిన మనిషి ఆ భాగం ఆరంభంలో ఏమంటారంటే, ఒక రోగానికి ఒకే దినుసు సరిపోతే దాన్ని కాదని కలగలుపు మందు జోలికి పోనక్కరలేదంటారు. ఒకే మనిషిలో రెండు మూడు రోగాలు పెనవేసుకున్నప్పుడు, ఒక మందు చేసే చెరుపును మరొకటి విరవవలసి వచ్చినప్పుడు, మందును దూరపు అవయవానికి చేర్చవలసి వచ్చినప్పుడు మాత్రమే కలపడం అవసరమవుతుంది. వెయ్యేళ్ళ తర్వాత కూడా వైద్యులు దాదాపు ఇదే మాట చెబుతున్నారు. ఇప్పుడు బీపీకి రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా వస్తున్నాయి. గుండెజబ్బులకు వాడే అలాంటి మిశ్రమ మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. రోగి లెక్కపెట్టవలసిన మాత్రలు తగ్గడం కూడా అందులో ఒక మేలు.

రెండవ భాగంలోనే మందును పరీక్షించే పద్ధతులు చెప్పారు. వాటిలో ఒకటి మాకు బాగా నచ్చింది. మందును ఒకే రోగం ఉన్నవాని మీద పరీక్షించాలట, రోగాలు కలగలిసిన వానిమీద కాదట. లేకుంటే ఏది దేనివల్ల తగ్గిందో తెలియదు. శాస్త్రం దృష్టితో ఇది సబబే. కానీ మన దాదీమాకు ఉన్నవి నాలుగు రోగాలు. ఒక్కొక్క రోగం మీద విడివిడిగా రుజువైన నాలుగు మందులూ ఆమె ఒక్క కడుపులోనే కలుసుకుంటాయి. ఉదాహరణకు, నొప్పి తగ్గడానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళ బీపీ మందు పనిని తగ్గించవచ్చు, కిడ్నీలను ఇబ్బంది పెట్టవచ్చు.

షేఖ్ వైద్యం ఎంత సరళంగా ఉండేదో చెప్పే ఉదంతం ఒకటి జూజ్జానీ రాశాడు. ఖ్వారిజమ్‌లో క్షయ రోగంతో బాధపడుతున్న ఒక స్త్రీకి ఆయన ఒకే ఒక మందు చెప్పారు. గులాబీ రేకులను చక్కెరలో ఊరబెట్టిన పాకం, మన గుల్‌ఖంద్ వంటిది. మరే మందూ ముట్టరాదని ఆదేశం. ఆమె ఓపికగా రోజులు గడిచేకొద్దీ నూరు మన్నుల పాకం తిన్నదట, కోలుకున్నదట. గుల్‌ఖంద్‌తో క్షయ తగ్గుతుందని మేము చెప్పడం లేదు. ఇప్పుడు క్షయకు నికరమైన మందులున్నాయి, వాటిని మధ్యలో మానకుండా వాడితీరాలి. మేము గమనించమనేది మరొకటి. దీర్ఘకాలం సాగే చికిత్స ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆయన రోగికి ఒకే మందు ఇచ్చారు. మరచిపోవడానికీ, తారుమారు కావడానికీ అందులో తావు లేదు.

తర్వాత ఆయన హమదాన్ చేరారు. అక్కడి అమీరు షమ్సుద్దౌలాకు కూలంజ్ ఉండేది. కూలంజ్ అంటే పేగులను మెలిపెట్టే కడుపుశూల. షేఖ్ నలభై పగళ్ళు, నలభై రాత్రులు అమీరు వద్దనే ఉండి నయం చేశారు. అమీరు ఆయనను వజీరుగా చేసుకున్నాడు. తిరగబడ్డ సైనికులు షేఖ్ ఇంటిని కొల్లగొట్టి, ఆయన ప్రాణం తీయాలని పట్టుబట్టారు. అబూ సయీద్ దఖ్‌దూక్ అనే స్నేహితుడు నలభై రోజులు తన ఇంట్లో దాచాడు. ఈలోగా అమీరుకు శూల తిరగబెట్టింది. వైద్యుని వెతికించి, క్షమాపణ చెప్పి, మళ్ళీ వజీరు పదవి ఇచ్చాడు. పదవులు పోవడానికీ రావడానికీ ఒక కడుపునొప్పి కారణమైంది!

ఆ అమీరు అంతిమం గమనించదగినది. 1021లో ఒక దండయాత్రలో ఉండగా శూల మళ్ళీ వచ్చింది. దానికి తోడు వేరే జబ్బులు. షేఖ్ చెప్పిన పథ్యం పాటించకపోవడం, ఆయన సూచనలు పెడచెవిన పెట్టడమే వాటికి కారణమని జూజ్జానీ నిర్మొహమాటంగా రాశాడు. అమీరు దారిలోనే మరణించాడు. కొత్త అమీరు కాలంలో షేఖ్‌ను ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బంధించారు. ఆ చెరలో ఆయన రాసిన పుస్తకాలలో ఒకటి కూలంజ్ గురించే. తర్వాత సూఫీ వేషంలో తప్పించుకుని ఇస్ఫహాన్ చేరారు. అక్కడి పాలకుడు అలాఉద్దౌలా ఆయనను ఆదరించాడు.

కూలంజ్ మీద పుస్తకం రాసిన ఆ వైద్యునికే కొంతకాలానికి కూలంజ్ పట్టుకుంది. 1034లో, కరజ్ దగ్గర అలాఉద్దౌలా, గజ్నవీ సేనాని తాష్ ఫర్రాష్‌తో తలపడ్డ సంవత్సరం అది. సేన ఎప్పుడు వెనుదిరుగుతుందో తెలియదు. కదలలేని రోగిని వదిలి వెళ్ళిపోతారేమోనని భయం. తొందరగా కోలుకోవాలని షేఖ్ ఒకే రోజులో ఎనిమిది సార్లు ఎనిమా తీసుకున్నారు. పేగులలో కొంత భాగం ఒరుసుకుపోయి పుండు పడింది. మరొక రోగి అలా చేసి ఉంటే షేఖ్ అంగీకరించి ఉండేవారా? మాకు నమ్మకం లేదు. నొప్పి తగ్గలేదని పూటకు ఒకటి చెప్పిన మాత్రను రెండు మూడు మింగే మన పెద్దలు చేసేదీ ఇదే. ఆయన తొందరకు వెనుక యుద్ధభూమి ఉంది. మన తొందరకు పెళ్ళి ప్రయాణాలో, దుకాణమో ఉంటాయి.

ఆ స్థితిలోనే సేనతో పాటు ఈజజ్ వైపు పరుగున ప్రయాణం చేయవలసి వచ్చింది. అక్కడ కూలంజ్ వెనుక అప్పుడప్పుడు వచ్చే మూర్ఛలు మొదలయ్యాయి. ఇప్పుడు ఆయనకు ఉన్నవి మూడు బాధలు: శూల, పేగుపుండు, మూర్ఛ. మూడింటికీ వేరువేరు మందులు. శూలకు పనికొచ్చే ఘాటు పుండుకు పడదు. మందులు కలిపేది ఒకరు, అందించేది మరొకరు. దినుసులు తూచే చేయి ఇక షేఖ్‌ది కాదు.

ఒకనాడు వాయువు విరగడానికి ఎనిమా మందులో రెండు దానఖుల కర్ఫస్ గింజలు కలపమని ఆయన చెప్పారు. కర్ఫస్ మన వాము కుటుంబానికి చెందిన ఘాటైన దినుసు. ఆరు దానఖులు కలిస్తే ఒక దిర్హమ్ తూకం. కాబట్టి ఆయన అడిగింది దిర్హమ్‌లో మూడవ వంతు మాత్రమే. చికిత్స చేస్తున్న వైద్యులలో ఒకడు వేసినది ఐదు దిర్హములు. అంటే చెప్పినదానికి పదిహేను రెట్లు! ఆ ఘాటుకు పేగుపుండు మరింత రేగింది. అతడు కావాలని వేశాడో, పొరపాటున వేశాడో తాను చెప్పలేనని, ఆ సమయంలో తాను దగ్గర లేనని జూజ్జానీ రాశాడు. ఈ చిన్న వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఎంత కాలం సేవ చేసిన శిష్యుడు! ఆ ఒక్క పూట దగ్గర లేడు.

దానఖు, దిర్హమ్ తారుమారు పాతకాలపు ముచ్చట అనుకోకండి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఒకటి. మొదటిదానికి ఎరుపు మూత సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 బలం ఇన్సులిన్‌ను ఎరుపు మూత సిరంజిలో పది గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. అలాగే కీళ్ళవాతానికి రాసే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మాత్రల మాదిరి రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంట్లో ఉండటం, ఇద్దరు డాక్టర్లు రాశారు కదా అని రెండూ మింగడం ఎన్ని ఇళ్ళలో లేదు! రాసిన చీటీలన్నీ, మాత్రల అట్టలన్నీ, హకీము ఇచ్చిన పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరుకు చూపించడం ఒక పూట పని.

షేఖ్ కథలో రెండవ దెబ్బ ఇంకా దారుణమైనది. మూర్ఛకు ఆయన మిస్రూదీతూస్ అనే లేహ్యం తినేవారు. ప్రాచీన పాంటస్ రాజు మిత్రదాతు పేరుమీద వచ్చిన మందు అది, డజన్లకొద్దీ దినుసుల కలగలుపు. అందులో నల్లమందు మామూలుగానే ఒక దినుసు. ఆయన సేవకులలో ఒకడు అందులో నల్లమందు ఎక్కువ మోతాదులో కలిపి తినిపించాడు. సేవకులు ఆయన ఖజానా నుంచి చాలా సొమ్ము కాజేశారు. ఆయన చనిపోతే లెక్క అడిగేవారుండరని వారి ఆశ. అన్ని దినుసులు కలిసిన లేహ్యంలో ఒక దినుసు హెచ్చితే ఎవరు పసిగడతారు? ఇది మా ఊహే అయినా, గులాబీ పాకం తిన్న ఆ ఖ్వారిజమ్ స్త్రీకి ఇలాంటి ద్రోహం చేయడం ఇంత సులువు కాదు.

అయినా ఆయన బతికారు. పల్లకీలో ఇస్ఫహాన్ తీసుకువచ్చారు. లేచి నిలబడే శక్తి లేదు. తన వైద్యం తానే చూసుకుంటూ క్రమంగా నడవగలిగారు, దర్బారుకు కూడా వెళ్ళారు. కానీ పథ్యంలో నిగ్రహం చూపలేదని, పూర్తిగా కోలుకోకముందే దాంపత్య విషయాలలో మితం తప్పారని శిష్యుడు రాశాడు. తగ్గుతుంది, తిరగబెడుతుంది, మళ్ళీ తగ్గుతుంది. షమ్సుద్దౌలాకు పథ్యం చెప్పిన మనిషి తాను దాన్ని నిలుపుకోలేకపోయారు. దీన్ని చదివి ఆయనను చులకన చేయాలని మాకు అనిపించలేదు. పైగా షుగరు ఉండి కూడా పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నె ముందు కూర్చునే మన అబ్బాజాన్లు గుర్తొచ్చారు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి నిగ్రహం అంటే ఎంత కష్టమో వైద్యుడైనంత మాత్రాన తెలియదు, రోగి అయితే తెలుస్తుంది.

1037లో అలాఉద్దౌలా హమదాన్ బయలుదేరాడు. షేఖ్ వెంట వెళ్ళారు. దారిలోనే శూల తిరగబెట్టింది. హమదాన్ చేరేసరికి తన బలం అయిపోయిందని, రోగాన్ని తోసేయగల శక్తి శరీరంలో లేదని ఆయన గ్రహించారు. దేహాన్ని నడిపే శక్తే అలసిపోయినప్పుడు చికిత్స వల్ల ఫలితం లేదని చెప్పి మందులన్నీ ఆపేశారు. ఇక్కడ ఒక మాట. మందు మానాలని ఆయన నిర్ణయించింది శరీరస్థితి తెలిసిన వైద్యునిగా. విసుగుపుట్టి బీపీ మాత్ర మానేయడానికీ దీనికీ పోలిక లేదు. ఉపవాసాల నెల వస్తున్నదని డాక్టరుతో మాట్లాడకుండా మూడు పూటల మందును సహరీకి, ఇఫ్తార్‌కు సొంతంగా సర్దుకునేవారూ ఈ తేడా గమనించాలి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చినవాడు అల్లాహ్‌యే. ఏ మందు ఎప్పుడు వేయాలో, మోతాదు మార్చాలో లేదో రంజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టరును అడిగి తెలుసుకోవచ్చు.

మందులు ఆపిన తర్వాత షేఖ్ స్నానం చేసి, తౌబా చేసుకుని, దగ్గరున్నది పేదలకు పంచిపెట్టారని, తాను అన్యాయం చేశానని తోచిన వారికి సొమ్ము తిరిగి ఇచ్చారని, బానిసలకు స్వేచ్ఛ ఇచ్చారని, మూడు రోజులకొకసారి ఖురాన్ పూర్తి చేస్తూ గడిపారని చరిత్రకారుడు ఇబ్నె ఖల్లికాన్ రాశాడు. హిజ్రీ 428 రంజాన్ మాసంలో ఒక శుక్రవారం ఆయన కన్నుమూశారు. అరవై ఏళ్ళు నిండలేదు. తన అనుభవంలో చూసిన చికిత్సలను 'ఖానూన్'లో చేర్చాలని ఆయన అనుకున్నారు. ఆ కాగితాలు చేర్చకముందే పోయాయి.

హమదాన్‌లో ఆయన సమాధి ఉంది. దానిమీద ఇప్పుడు కనిపించే పన్నెండు స్తంభాల గోపురం 1950ల నాటిది. ఆ కప్పు కిందనే, ఆయన పక్కన మరొక సమాధి ఉంది. అది సైనికులు ప్రాణం కోసం వెతుకుతుంటే ఆయనను నలభై రోజులు ఇంట్లో దాచిన అబూ సయీద్ దఖ్‌దూక్‌ది.